యాంటీ టీపీఓ 640 వచ్చింది, అసలు ఇది ఎందుకొస్తుంది?

స్వాతి_కాకినాడ
అందరికీ నమస్కారం. నాకు 31 ఏళ్లు, బాబుకి ఏడాదిన్నర. దువ్వెన నిండా జుట్టు వస్తోందనీ, మధ్యాహ్నం అయ్యేసరికి ఒళ్లు బరువెక్కిపోతోందనీ థైరాయిడ్ టెస్టులు చేయించుకున్నాను. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందగిస్తే పెరిగే హార్మోన్) 7.8, ఫ్రీ టీ4 (థైరాయిడ్ తయారుచేసే హార్మోన్) నార్మల్, యాంటీ టీపీఓ, అంటే సొంత థైరాయిడ్ మీద ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలు, 640 (ల్యాబ్ వాళ్లు 34 లోపు ఉండాలని వేశారు). డాక్టరు గారు "హషిమోటో అమ్మా, ఆటో ఇమ్యూన్" అని, అంటే రోగనిరోధక వ్యవస్థే థైరాయిడ్ మీద దాడి చేస్తోందని చెప్పి థైరాయిడ్ హార్మోన్ మాత్ర రాశారు. ఎందుకొచ్చిందండీ అంటే "కొందరికి వస్తుంది" అని తర్వాతి పేషెంట్‌ని పిలిచేశారు.

ఇంట్లో మాత్రం తలా ఒక కారణం చెబుతున్నారు. ప్యాకెట్ ఉప్పు వల్లే అని మా అత్తగారు అప్పుడే కల్లుప్పు తెప్పించారు. బాలింతగా ఉన్నప్పుడు పథ్యం సరిగ్గా చెయ్యలేదని మా అమ్మ. ఆఫీసు టెన్షన్ అని మా వారు. గోధుమలు మానెయ్యి వదినా అని ఆడపడుచు. మా వైపు ఎవరికీ థైరాయిడ్ లేదు, అందుకని తప్పంతా నాదే అన్నట్టుగా ఉంది. ఇంకో బిడ్డ గురించి కూడా ఆలోచిస్తున్నాం. మందు సంగతి డాక్టరునే అడుగుతాను, కారణం గురించి తెలిసినవాళ్లు చెప్పండి.

వరంగల్_వనజ
స్వాతీ, మీ వైపు ఎవరికీ లేదంటున్నావు. ఎవరైనా టెస్టు చేయించుకున్నారా? మా ఇంట్లో కూడా ఇదే మాట అనేవాళ్లు. నాకు బయటపడ్డాక మా అమ్మకీ, చెల్లికీ పట్టుబట్టి చేయించాను. అమ్మకి టీఎస్‌హెచ్ బాగానే ఉంది, యాంటీబాడీలు మాత్రం బోలెడు. చిన్నమ్మకి చేతుల మీద బొల్లి మచ్చలు ఉన్నాయి, మేమంతా అది చర్మం గొడవ అనుకున్నాం. మేనత్త కొడుకుకి చిన్నప్పటి నుంచీ ఇన్సులిన్ షుగర్. ఇవన్నీ ఒకే కుదురు జబ్బులని డాక్టరు చెప్పేదాకా మాకు తట్టనే లేదు. కాబట్టి "థైరాయిడ్ ఉందా" అని ఒక్కటే అడక్కు. బొల్లి, టైప్ 1 షుగర్, కీళ్లవాతం, బీ12 ఇంజెక్షన్లు వేయించుకునే రకం రక్తహీనత, ఇవి కూడా అడుగు.

గుంటూరు_మాస్టారు
వనజ గారు సరైన చోట మొదలుపెట్టారు. నేను డాక్టరును కాను, బయోకెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి. చదివింది చెబుతాను.

వంశపారంపర్యం ఎంత అన్నది తేల్చడానికి డెన్మార్క్ వాళ్లు కవలల రికార్డులు తిరగేశారు. హషిమోటో వల్ల థైరాయిడ్ మందగించినవాళ్లని చూస్తే, ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి ఉంటే రెండోవారికీ ఉన్న జంటలు సగానికి కాస్త పైనే. వేరువేరు అండాల కవలల్లో అలాంటి జంట ఒక్కటీ కనబడలేదు. గ్రేవ్స్ జబ్బుకి (ఇదీ ఆటో ఇమ్యూనే, కానీ థైరాయిడ్ అతిగా పనిచేస్తుంది) లెక్క కట్టి, వచ్చే అవకాశంలో దాదాపు 80 శాతం జన్యువుల వాటా అన్నారు. హెచ్ఎల్ఏ, సీటీఎల్ఏ4, పీటీపీఎన్22 అని కొన్ని జన్యువుల పేర్లు కూడా తెలుసు. ఇవన్నీ రోగనిరోధక వ్యవస్థకి "ఇది మనది, ఇది పరాయిది" అని నేర్పే పనిలో ఉన్నవే.

అయితే అచ్చం ఒకే జన్యువులున్న జంటల్లో కూడా మిగతా సగంలో రెండోవారికి రాలేదు కదా. ఒకే విత్తనం, రెండు చేలు. ఆ చేను ఏమిటన్నదే అసలు చర్చ.

సందేహాల_సత్తిబాబు
మాస్టారూ, మనలో మేనరికాలు ఎక్కువ కదా. దానివల్ల కూడా పెరుగుతోందా?

గుంటూరు_మాస్టారు
తలసీమియాలా ఒకే జన్యువు అటునుంచీ ఇటునుంచీ వస్తేనే పుట్టే జబ్బు కాదు బాబూ ఇది. పదుల సంఖ్యలో జన్యువులు కొంచెం కొంచెంగా కలిసి చేసే పని. మేనరికం లేని ఇళ్లలోనూ వస్తోంది. ఆ కోణాన్ని పట్టుకుని వెళ్తే పెద్దగా ఏమీ దొరకదు.

డాలస్_చిన్ని
స్వాతీ, ఇది ఆడవాళ్లకి మగవాళ్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, హషిమోటోకి ఏడు నుంచి పది రెట్లు అంటారు. ఎందుకన్నదానికి ఈస్ట్రోజన్ ఒక్కటే సమాధానం కాదు. మనకి రెండు ఎక్స్ క్రోమోజోములు ఉంటాయి, ప్రతి కణంలో ఒకదాన్ని నోరు మూయించి ఉంచాలి. ఆ పని చేసేది ఎక్సిస్ట్ అనే ఆర్ఎన్ఏ. దానికి అతుక్కుని బోలెడు ప్రొటీన్లు ఉంటాయి, ఆ గుంపుని చూసే రోగనిరోధక వ్యవస్థ రెచ్చిపోతోందేమో అని 2024లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఎలుకల మీద చూపించారు. థైరాయిడ్ కోసం చేసిన పని కాదు అది, కానీ ఆడవాళ్లకే ఈ జబ్బులన్నీ ఎందుకు అన్న ప్రశ్నకి గట్టి ఆధారమే.

ఒక ఎక్స్ మాత్రమే ఉండే టర్నర్ సిండ్రోమ్ అమ్మాయిల్లో కూడా హషిమోటో చాలా ఎక్కువ. అంటే రెండు ఎక్స్‌లు ఉండడంతోనే కథ తేలిపోదు. ఈ సబ్జెక్టులో ప్రతి సమాధానానికీ పక్కనే ఒక అడ్డం ఉంటుంది.

వరంగల్_వనజ
పథ్యం గురించి కూడా చెప్పండి ఎవరైనా. ఆ పిల్ల వాళ్లమ్మ మాట పట్టుకుని కుమిలిపోతోంది.

గుంటూరు_మాస్టారు
చెబుతాను. కడుపులో బిడ్డకి సగం జన్యువులు తండ్రివి, అంటే తల్లి ఒంటికి పరాయివి. ఆ తొమ్మిది నెలలూ తల్లి రోగనిరోధక వ్యవస్థ కాస్త తగ్గి ఉంటుంది, యాంటీబాడీలూ తగ్గుతాయి. కాన్పయ్యాక అది తిరిగి లేస్తుంది, ఒక్కోసారి ఉండాల్సినదానికంటే ఎక్కువగానే. ప్రసవం తర్వాతి ఏడాదిలో నూటికి అయిదుగురు తల్లులకి థైరాయిడ్ వాపు వస్తుందని అంచనా. గర్భం మొదట్లోనే టీపీఓ యాంటీబాడీలు ఉన్నవాళ్లలో అది మూడోవంతు నుంచి సగం దాకా ఉంటుంది. మొదట గుండె దడ, చిరాకు, బరువు తగ్గడం. కొన్ని నెలలకి నీరసం, జుట్టు ఊడడం. ఆ నీరసాన్ని బాలింత నీరసం అనేసి వదిలేస్తారు.

కాబట్టి స్వాతి గారూ, మీ అమ్మగారు కాలాన్ని సరిగ్గానే పట్టుకున్నారు, కారణాన్ని కాదు. పథ్యంలో చారన్నం మానేసి పెరుగన్నం తిన్నందుకు యాంటీబాడీలు పుట్టవు.

స్వాతి_కాకినాడ
చాలా థాంక్స్ మాస్టారూ. బాబు పుట్టిన నాలుగో నెలలో గుండె దడ ఉండేది నాకు, నిద్ర లేక అనుకున్నాను. మరి ఉప్పు సంగతి? మా అత్తగారు వీడియోలు చూపిస్తున్నారు, "అయోడిన్ కలపక ముందు ఈ జబ్బే లేదు" అని.

ప్రకృతి_మిత్ర
మేడమ్, రాత్రి నానబెట్టిన ధనియాల నీళ్లు పరగడుపున తాగండి, పొడి మేము పంపిస్తాం, మాత్ర జీవితాంతం వాడక్కర్లేదు. నంబర్: [తొలగించబడింది]

నిర్వాహకులు
అమ్మకాలు, ఫోన్ నంబర్లు ఇక్కడ కుదరవు. మాత్ర ఆపమని చెప్పడం అసలే కుదరదు. ధనియాల నీళ్లు ఎవరింట్లో వాళ్లు తాగవచ్చు.

గుంటూరు_మాస్టారు
ఉప్పు సంగతి ఓపిగ్గా చెప్పుకోవాల్సిందే, ఎందుకంటే ఇందులో మీ అత్తగారి మాట పూర్తిగా గాలి మాట కాదు.

థైరాయిడ్ గ్రంథిలో థైరోగ్లోబ్యులిన్ అనే పెద్ద ప్రొటీన్ ఉంటుంది. దానికి టీపీఓ అనే ఎంజైము అయోడిన్ అతికిస్తే హార్మోన్ తయారవుతుంది. అయోడిన్ ఎక్కువ అతుక్కున్న థైరోగ్లోబ్యులిన్ రోగనిరోధక వ్యవస్థ కంట్లో తేలిగ్గా పడుతుంది. జన్యుపరంగా ఈ జబ్బు వైపు మొగ్గే రకం ఎలుకలకి నీళ్లలో అయోడిన్ పెంచి ఇస్తే థైరాయిడ్ వాపు త్వరగా వస్తుంది. మనుషుల్లో కూడా చూశారు. చైనాలో అయోడిన్ తక్కువ, సరిపడేదానికంటే కాస్త ఎక్కువ, మరీ ఎక్కువ అందే మూడు ప్రాంతాలను పోల్చిన అధ్యయనం 2006లో వచ్చింది. ఆటో ఇమ్యూన్ థైరాయిడ్ వాపు తక్కువ అందే చోట అతి తక్కువ, ఎక్కువ అందే చోట ఎక్కువ. డెన్మార్క్‌లో 2000 ప్రాంతంలో ఉప్పులో అయోడిన్ తప్పనిసరి చేశాక జనంలో టీపీఓ యాంటీబాడీలు పెరిగాయి. ఇవి దాచాల్సిన విషయాలు కావు.

సందేహాల_సత్తిబాబు
అయితే అత్తగారే గెలిచినట్టా?

గుంటూరు_మాస్టారు
ఆగవయ్యా, సగమే చెప్పాను.

అయోడిన్ కలపక ముందు "ఈ జబ్బే లేదు" అన్నది తప్పు. హషిమోటో అనే జపాన్ సర్జన్ నలుగురు ఆడవాళ్ల గ్రంథులను మైక్రోస్కోపు కింద చూసి, లోపలంతా తెల్ల రక్తకణాలు నిండిపోయాయని రాసింది 1912లో. మన దేశంలో ఉప్పుకి అయోడిన్ కలపడం దానికి ఎన్నో ఏళ్ల తర్వాతి మాట.

ఇక కలపక ముందు మన దగ్గర ఉన్నదేమిటి? హిమాలయాల పాదాల దగ్గర ఊళ్లకి ఊళ్లు గొంతువాపు, చెవుడు, బుద్ధిమాంద్యంతో పుట్టే పిల్లలు. 1956లో కాంగ్రా లోయలో ఆ ప్రయోగం మొదలుపెట్టింది మనవాడే, శ్రీకాకుళంలో పుట్టి విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివిన వులిమిరి రామలింగస్వామి. లోయను మూడు భాగాలు చేసి రెండిటికి అయోడిన్ ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు ఇచ్చారు. కొన్నేళ్లకి ఆ రెండు చోట్లా గొంతువాపు బాగా తగ్గింది, మూడో చోట తగ్గలేదు. తర్వాత ఆ మూడో చోటా అయోడిన్ ఉప్పే ఇచ్చారు. 1962లో దేశవ్యాప్త కార్యక్రమం మొదలవడానికి పునాది అది.

చిత్రం ఏమిటంటే అదే 1956లో లండన్‌లో రోయిట్, డోనియాక్ బృందం హషిమోటో రోగుల రక్తంలో సొంత థైరాయిడ్‌కి వ్యతిరేకంగా యాంటీబాడీలు ఉన్నాయని చూపించింది. అమెరికాలో రోజ్, విటెబ్‌స్కీ కుందేళ్లకి థైరాయిడ్ రసం ఎక్కించి అదే వాపు తెప్పించారు. అంతకు ముందు ఒళ్లు తన మీద తానే దాడి చేసుకోదనే నమ్మకం ఉండేది.

లెక్క చూడండి. ఒక వైపు కొందరిలో, అదీ అప్పటికే మొగ్గున్నవాళ్లలో, యాంటీబాడీలు కొంచెం పెరగడం. వాళ్లకి రోజుకో మాత్ర సరిపోతుంది. ఇంకో వైపు కడుపులో బిడ్డ మెదడు. రెండో బిడ్డ కావాలనుకుంటున్న స్వాతి గారికి అయోడిన్ లేని ఉప్పు మంచిది కాదన్నది నా గట్టి అభిప్రాయం.

ల్యాబ్_రమణ
మాస్టారు చెప్పినదానికి లెక్క నేను వేస్తాను. వంటింట్లో ప్యాకెట్ తిప్పి వెనకాల చూడండి, చిన్న అక్షరాల్లో అయోడిన్ కనీసం 15 పీపీఎం అని ఉంటుంది. అంటే గ్రాము ఉప్పులో 15 మైక్రోగ్రాములు. రోజుకి పది గ్రాములు తిన్నా 150. పెద్దవాళ్లకి రోజుకి కావాల్సింది 150, గర్భిణులకి 250. మన పచ్చళ్లూ అప్పడాలూ కలుపుకుని మనం ఉప్పు ఎక్కువే తింటాం, ప్యాకెట్‌లో 30 ఉన్నా 300 అవుతుంది, వంటలో కొంత పోతుంది. అమెరికా వాళ్లు పెద్దలకి పెట్టిన గరిష్ఠ పరిమితి 1,100. ఉప్పుతో అక్కడిదాకా వెళ్లాలంటే ముందు బీపీ ఊరుకోదు.

డాలస్_చిన్ని
అసలు అయోడిన్ ప్రమాదం ఇక్కడ, సముద్రపు నాచు మాత్రల్లో. "థైరాయిడ్ సపోర్ట్" అని సీసా మీద రాసి అమ్ముతారు. మా కజిన్ యాంటీబాడీలు ఉన్నాయని తెలిసి కూడా కొని వాడింది, టీఎస్‌హెచ్ చూస్తుండగానే ఎగిరింది. ఇంకొందరు లూగోల్ ద్రావణం చుక్కలు వేసుకుంటారు. అయిదు శాతం ద్రావణంలో ఒక్క చుక్కలోనే ఆరు మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది, మైక్రో కాదు, మిల్లీ. గుండె లయ తప్పితే ఇచ్చే అమియోడరోన్ మాత్రలో అయితే ఇంకా ఎక్కువ, 200 మిల్లీగ్రాముల మాత్రలో 75 దాకా అయోడినే. నాన్నగార్లకి అది రాస్తే థైరాయిడ్ టెస్టు అడగండి.

నల్గొండ_యాదగిరి
నాది గ్రేవ్స్. మగవాణ్ణి, ఇక్కడ మైనారిటీని అన్నట్టు. మా దిక్కు ఏ జబ్బు వచ్చినా ముందు ఫ్లోరైడ్ నీళ్లనే అంటారు. ఫ్లోరైడ్ మా వాళ్ల పళ్లు, ఎముకలు ఎట్ల పాడు చేసిందో కళ్లతో చూసినోణ్ణి, కానీ నా కేసుల డాక్టర్ సాబ్ అడిగింది నీళ్ల గురించి కాదు, సిగరెట్ల గురించి. గ్రేవ్స్‌కి, ముఖ్యంగా కళ్లు ముందుకు పొడుచుకు వచ్చే రకానికి, సిగరెట్ పెద్ద దోషి అట. రేడియో అయోడిన్ (థైరాయిడ్‌ను తగ్గించే చికిత్స) ఇచ్చినా, మందులిచ్చినా సిగరెట్ తాగేటోళ్ల కళ్లు ఇంకా ఖరాబవుతాయట. బంద్ చేసిన. పొద్దున లేస్తే కళ్లల్ల ఇసుక పోసినట్టు ఉండేది, ఇప్పుడు నయం.

గుంటూరు_మాస్టారు
యాదగిరి గారు బాగా చెప్పారు. ఇందులో ఒక తిరకాసు ఉంది. హషిమోటోలో సిగరెట్ తాగేవాళ్లకి టీపీఓ యాంటీబాడీలు తక్కువగా కనబడతాయి, మానేశాక కొంతకాలం పెరుగుతాయి. ఇది చదివి ఎవరూ దుకాణానికి బయల్దేరకండి. గుండె, ఊపిరితిత్తులు పోగొట్టుకుని థైరాయిడ్ కాపాడుకునే బేరం అది.

టెన్షన్ గురించి స్వాతి గారి వారు అన్నదానికీ సమాధానం ఇక్కడే. గ్రేవ్స్ బయటపడే ముందు ఏడాదిలో పెద్ద దెబ్బలు, చావులు, గొడవలు ఎక్కువగా ఉన్నాయని చాలామంది రోగులు చెప్పారు. కానీ అది జబ్బు వచ్చాక వెనక్కి తిరిగి గుర్తు చేసుకున్న మాట, పైగా గ్రేవ్స్ మొదట్లో మనిషికి ఎలాగూ చిరాకు ఉంటుంది, ఏది ముందో తేల్చడం కష్టం. హషిమోటోకి ఆ మాత్రం ఆధారం కూడా లేదు.

సందేహాల_సత్తిబాబు
క్యాబేజీ, కాలీఫ్లవర్, సోయా? ఇప్పుడు మా ఇంట్లో అందరం మిల్లెట్లే. సజ్జలు థైరాయిడ్‌కి మంచివి కావని ఒకాయన అంటున్నాడు.

ల్యాబ్_రమణ
అతను పూర్తిగా తప్పు చెప్పలేదు, కానీ జబ్బు వేరు. సజ్జల్లో అయోడిన్ పనికి అడ్డుపడే పదార్థాలు ఉన్నాయి. సూడాన్‌లో అయోడిన్ తక్కువ ఉండి, రోజంతా సజ్జలే తినే చోట గొంతువాపు ఎక్కువని చూశారు. అది గొంతువాపు, యాంటీబాడీల జబ్బు కాదు. వారానికి రెండు సార్లు సజ్జ రొట్టె తిని, అయోడిన్ ఉప్పు వాడేవాళ్లకి ఆ భయం అక్కర్లేదు. వండిన క్యాబేజీ కూడా అంతే. సోయా అయితే మాత్ర ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తుంది, అందుకని దూరంగా తినాలి.

డాలస్_చిన్ని
గోధుమల సంగతి. సీలియాక్ జబ్బు (గోధుమల్లోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే ఆటో ఇమ్యూన్ జబ్బు) ఉన్నవాళ్లలో హషిమోటో ఎక్కువ, ఇది నిజం. రెండిటికీ ఉమ్మడి హెచ్ఎల్ఏ జన్యువులు ఉన్నాయి. అందుకని విరేచనాలు, రక్తహీనత, బరువు తగ్గడం ఉంటే ఆ టెస్టు అడగాలి. గోధుమలు మానకముందే చేయించాలి, మానేశాక చేస్తే తప్పు ఫలితం వస్తుంది. సీలియాక్ లేని మనిషికి చపాతీ వల్ల హషిమోటో వచ్చిందనడానికి గట్టి ఆధారం నాకెక్కడా దొరకలేదు, ఇంటర్నెట్ నిండా మాత్రం ఉంది.

సెలీనియం వేసుకుంటే కొన్ని ట్రయల్స్‌లో యాంటీబాడీల అంకె తగ్గింది, మనిషికి తేడా పెద్దగా తెలియలేదు. విటమిన్ డి కథ కాస్త మేలు. అమెరికాలో పాతిక వేలకు పైగా పెద్దవాళ్లకి అయిదేళ్లు రోజుకి 2,000 యూనిట్లు ఇచ్చి చూస్తే ఆటో ఇమ్యూన్ జబ్బులన్నీ కలిపి 22 శాతం తగ్గాయని 2022లో వచ్చింది. అన్నీ కలిపి, థైరాయిడ్ ఒక్కటే కాదు.

వరంగల్_వనజ
మా అమ్మమ్మ కాలంలో ఇవేవీ లేవు, మట్టిలో పెరిగేవాళ్లు అంటారు కదా. దీంట్లో ఏమైనా ఉందా మాస్టారూ?

గుంటూరు_మాస్టారు
కొంత ఉండొచ్చు. ఫిన్లాండ్, దాని పక్కనే ఉన్న రష్యా కరేలియా స్కూలు పిల్లలను పోల్చారు. జన్యువులు దగ్గరివే, బతుకులు వేరు. పేదరికం, ఇన్‌ఫెక్షన్లు ఎక్కువున్న రష్యా వైపు పిల్లల్లో థైరాయిడ్ యాంటీబాడీలు తక్కువ. అతి శుభ్రతలో పెరిగితే రోగనిరోధక వ్యవస్థకి శిక్షణ చాలదన్న ఊహకి ఇది బలం. ఇంకో వైపు హెపటైటిస్ సీ లాంటి ఇన్‌ఫెక్షన్లు థైరాయిడ్ యాంటీబాడీలను పెంచుతాయి, దానికి ఒకప్పుడు ఇచ్చిన ఇంటర్‌ఫెరాన్ అనే మందు మరీ పెంచేది. కాబట్టి పిల్లాణ్ణి మట్టిలో ఆడనివ్వండి, మురుగులో కాదు.

అమ్మమ్మ కాలంలో లేదన్నది నేను నమ్మను. టెస్టు లేదు. హైదరాబాద్‌తో సహా ఎనిమిది నగరాల్లో చేసిన సర్వే 2013లో వచ్చింది. పెద్దవాళ్లలో నూటికి దాదాపు 11 మందికి థైరాయిడ్ మందగించి ఉంది, 22 మందికి టీపీఓ యాంటీబాడీలు ఉన్నాయి.

స్వాతి_కాకినాడ
మా అక్కకి నిన్న చేయించాం వనజక్కా. టీఎస్‌హెచ్ 2.9, యాంటీ టీపీఓ 210! ఇప్పటిదాకా "మా వైపు లేదు" అన్న మాట పోయింది. అమ్మ మౌనంగా ఉంది. అక్కకి కూడా మాత్ర వేయాలా?

గుంటూరు_మాస్టారు
సాధారణంగా అక్కర్లేదు, ఏడాదికోసారి టెస్టు చాలు. ఇంగ్లండులో విక్‌హమ్ అనే చోట జనాన్ని ఇరవై ఏళ్లు వెంబడించి చూశారు. యాంటీబాడీలు మాత్రమే ఉన్న ఆడవాళ్లలో ఏడాదికి నూటికి ఇద్దరికి జబ్బు ముదిరింది. మీలాగా యాంటీబాడీలూ, టీఎస్‌హెచ్ రెండూ ఎక్కువ ఉన్నవాళ్లలో నలుగురికి. అక్కగారు గర్భం ప్లాన్ చేస్తుంటే మాత్రం ముందే డాక్టరుకి ఈ రిపోర్టు చూపించాలి.

స్వాతి_కాకినాడ
అత్తగారికి రమణ గారి లెక్క చదివి వినిపించాను. "అయితే ఆవకాయకి కల్లుప్పు, కూరలకి ప్యాకెట్ ఉప్పు" అని రాజీకి వచ్చారు. పర్వాలేదా?

ల్యాబ్_రమణ
పర్వాలేదండీ, ఆవకాయకి ఎవరూ అడ్డు చెప్పరు. మీకు రెండు విషయాలు. రెండోసారి టెస్టుకి వెళ్లినప్పుడు అదే ల్యాబ్‌కి వెళ్లండి, శాంపిల్ ఇచ్చాకే మాత్ర వేసుకోండి. జుట్టు కోసం బయోటిన్ గోళీలు వాడుతుంటే కనీసం రెండు రోజుల ముందు ఆపండి, అది కొన్ని మెషిన్లలో టీఎస్‌హెచ్‌ని తక్కువగా, టీ4ని ఎక్కువగా చూపిస్తుంది. యాంటీ టీపీఓ ప్రతిసారీ చేయించి డబ్బులు పోసుకోకండి, ఒకసారి తెలిశాక ఆ అంకె పెరిగినా తగ్గినా మందు మారదు.

వరంగల్_వనజ
మాత్ర పరగడుపున నీళ్లతో, కాఫీకి అరగంట ముందు. క్యాల్షియం, ఐరన్ గోళీలకి నాలుగు గంటల దూరం. నెల తప్పిందని తెలిసిన రోజే డాక్టరుకి ఫోన్ చెయ్యి స్వాతీ, అపాయింట్‌మెంట్ కోసం ఆగకు. డోసు పెంచాల్సి వస్తుంది. మీ అక్క రిపోర్టు కూడా ఆ ఫైల్లోనే పెట్టుకో.